గేటక్క మీద వచ్చిన ఫిర్యాదు

కోరుట్ల స్టేషను దాటి, జగిత్యాల వైపు పట్టాల వెంట రెండు కిలోమీటర్లు నడిస్తే ఒక గేటు వస్తుంది. అక్కడ రోడ్డు పట్టాలను దాటుతుంది. అటు ఊరు. ఇటు పసుపు చేలు. గేటు పక్కన ఒకే గది. గదిలో ఒక ఫోను, ఒక రిజిస్టరు, రెండు జెండాలు, ఒక నీళ్ల కుండ. గది ముందు సారక్క.

ఊళ్లో ఆమెను ఎవరూ సారక్క అని పిలవరు. గేటక్క అంటారు. పన్నెండేళ్లుగా పగటి డ్యూటీ ఆమెదే.

ఫోను మోగుతుంది. బండి బయలుదేరిందని కోరుట్ల స్టేషను మాస్టరు చెబుతాడు. ఆయన ఒక నంబరు చెబుతాడు, ఆమె ఒక నంబరు చెబుతుంది. మాట అందిందనడానికి సాక్ష్యంగా ఇద్దరూ రాసుకుంటారు. ఆమె బయటికి వచ్చి చక్రం తిప్పుతుంది. ఎరుపు, తెలుపు చారల కమ్మీలు రెండు వైపులా దిగుతాయి. తాళం పడుతుంది. తాళంచెవి కొంగుకు ముడి పడుతుంది.

ఇది సిగ్నల్‌కు కట్టని పాత గేటు. బండి వస్తున్నా ఆమె తాళం తీస్తే తెరుచుకుంటుంది. అందుకే అందరూ అడుగుతారు.

"గేటక్కా, జర తియ్యి. బస్సు పోతది."

"అక్కా, పాలు ఇరుగుతయ్."

"బండి ఇంకా కనవడ్తలేదు గదనే!"

అన్నిటికీ ఆమె దగ్గర ఒకటే మాట.

"ఆగుండ్రి."

ఆమె గొంతు పెంచదు. తిట్టదు. ఒకసారి ఆమె భర్త మల్లేశం సద్ది గిన్నె పట్టుకుని అవతలి వైపు నిలబడ్డాడు. రెండు బండ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఇరవై నిమిషాలు. అన్నం చల్లారింది. సారక్క చల్లన్నమే తిన్నది. మల్లేశం మాట్లాడలేదు. లచ్చవ్వ మాత్రం మాట్లాడింది. లచ్చవ్వ రోజూ గడ్డిమోపుతో గేటు దాటే ముసలామె. "మొగనికే తియ్యంది మనకు తీస్తదా?" అని ఊరంతా చెప్పింది. ఊరు వారం రోజులు నవ్వింది.

'ఆగుండ్రి' అన్న ఆ మాట సారక్కకు సిరిసిల్లలో దొరికింది. ఆమె పుట్టింది అక్కడే. తండ్రి సాంచలు నడిపేవాడు. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. తల్లి కండెలు చుట్టేది. పిల్ల సారక్క ఆ చప్పుడులోనే నిద్రపోయింది, ఆ చప్పుడులోనే చదువుకుంది. ఎనిమిది సాంచలు ఒకేసారి కొడుతుంటే, ఎక్కడో ఒక పోగు తెగినా తండ్రికి తెలిసేది. చప్పుడు మారుతుంది అనేవాడు. ఆయన మొదట సాంచను ఆపేవాడు. ఆ తర్వాతే వంగి చూసేవాడు. చూసి ఆపుదామనుకుంటే గజం గుడ్డ పాడవుతుంది. "ముందుగాల ఆపాలె బిడ్డా, అటెన్క సూడాలె" అని చెప్పేవాడు.

రైల్వే పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నప్పుడు సారక్కకు ఇరవై ఎనిమిదేళ్లు. కొన్నాళ్లు పట్టాల పని చేసింది. తర్వాత గేటుకు వచ్చింది. మొదటి రోజే చక్రం చప్పుడు విని, ఎక్కడ గ్రీజు లేదో చెప్పింది.

గది గోడకు ఒక బోర్డు ఉంది. రోడ్డు మీద గానీ రైలులో గానీ ప్రయాణికులకు ఇబ్బంది కలిగితే చెప్పుకోవడానికి ప్రభుత్వం పెట్టిన నంబరు దాని మీద ఉంది. 'ఫిర్యాదులకు' అని పైన పెద్ద అక్షరాలు. పన్నెండేళ్లలో ఆ గేటు నుంచి ఆ నంబరుకు ఎవరైనా ఏమైనా పంపినట్టు సారక్క వినలేదు.

కార్తీకం పోయిన వారానికి స్టేషను మాస్టరు నారాయణ ఫోను చేశాడు. బండి గురించి కాదు.

"సారక్కా, నీ మీద ఫిర్యాదు పోయిందట. గురువారం తనిఖీకి మేడం అస్తున్నది."

"ఎవలు రాసిన్రు సార్?"

"పేరు చెప్పరు. జర భద్రం. పోయిన ఏడు గిసువంటి కాగితం మీదనే పక్క గేటాయనను నిజామాబాద్ అవుతలకు మార్చిన్రు."

సారక్క ఫోను పెట్టేసింది. ఆమె బిడ్డ సంగీత జగిత్యాలలో డిగ్రీ మొదటి సంవత్సరం. పొద్దున గేటు దాటి, రోడ్డెక్కి, బస్సు పట్టుకుంటుంది. మల్లేశానికి కోరుట్లలో పసుపు మిల్లులో పని. ఇల్లు ఊళ్లోనే. నిజామాబాద్ అవతల అంటే వీటిలో ఏదీ ఉండదు. ఆమె బయటికి వచ్చి గేటు వైపు చూసింది. అది తెరిచే ఉంది. ఇద్దరు సైకిళ్ల మీద పోతున్నారు. ఒకాయన చెయ్యి ఎత్తాడు. ఇతనేనా రాసింది? పన్నెండేళ్లలో మొదటిసారి ఆమె మొహాలను అలా చూసింది. అది ఆమెకు నచ్చలేదు. చూడడం మానేసి చక్రానికి గ్రీజు పెట్టింది.

గురువారం పదిన్నరకు జీపు వచ్చింది. తనిఖీ అధికారి పేరు హేమలత. కోస్తా వైపు మనిషి. నలభై ఏళ్లుంటాయి. చేతిలో అట్ట, అట్టకు కాగితాలు. జీపు నడిపే జాన్ ఈ ప్రాంతం వాడే.

హేమలత మొదట జెండాలు చూసింది. చిరుగులు లేవు. దీపం చూసింది. వెలిగింది. ప్రమాదం ఉన్నప్పుడు బండిని ఆపడానికి పట్టాల మీద పెట్టే పటాకుల డబ్బా తెరిపించింది.

"ఎన్ని పెడతారు?"

"మూడు మేడం."

"ఒకదానికొకటి ఎంత దూరంలో?"

"పది మీటర్లకు ఒకటి."

రిజిస్టరు తిప్పింది. కొట్టివేత ఒక్కటీ లేదు. హేమలత గడప మీద కూర్చుంది. సారక్క కుండలోంచి నీళ్లిచ్చింది. తాగి, గ్లాసు పక్కన పెట్టి, చివరి కాగితం తీసింది.

"ఇందులో సారాంశం ఇలా ఉందమ్మా. 'గేటు సిబ్బంది మొండితనం. ప్రజల మాట లెక్కచేయకపోవడం. దురుసు ప్రవర్తన.' దీని కింద రెండే గడులు. ఫిర్యాదు నిజం. ఫిర్యాదు నిజం కాదు. మీరేమంటారు?"

జాన్ జీపులోంచే గొణిగాడు. "అక్కా, కాదని చెప్పు. కాగితం మూతపడ్తది. మేం పోతం, నువ్వు నిమ్మలంగ ఉంటవ్."

సారక్క తలూపలేదు. "ముందుగాల రాసినోళ్లు ఏం రాసిన్రో మొత్తం సదువుండ్రి మేడం."

సారాంశం వెనక అసలు మాటలు పిన్ను కొట్టి ఉన్నాయి. పైవాళ్లెవరూ ఆ కాగితం తిప్పినట్టు లేదు. హేమలత తిప్పింది. అలవాటు లేని మాటల దగ్గర ఆగుతూ చదివింది.

"'మా గేటుకాడ గేటక్క ఉన్నది. నిమిషం ముందుగాల గూడ గేటు తియ్యది. ఎంత మొత్తుకున్నా ఇనది. బతిమిలాడినా గంతే, తిట్టినా గంతే. సర్పంచ్ అచ్చినా ఆపుతది, పెండ్లి బరాత్ అచ్చినా ఆపుతది. గి... గిసువంటి మనిషిని నేను ఏడ సూడలే.'"

సారక్క అంతా విన్నది. ఒక పోగు తెగిన చప్పుడు కోసం విన్నట్టు విన్నది. తెగలేదు.

"నిజమే మేడం. అండ్ల ఒక్క మాట గూడ అబద్ధం లేదు."

"నిజమని రాస్తే మిమ్మల్ని మార్చవచ్చు. తెలుసా?"

"ఎరుకే. అబద్ధమంటే నేను గేటు ముందుగాల తీసినట్టే గద మేడం. నన్ను ఏడికన్న పంపుండ్రి. గా మాట మాత్రం రాయకుండ్రి."

హేమలత కలం కాగితం మీద ఆగింది. అంతలో ఫోను మోగింది. సారక్క నంబరు చెప్పింది, నంబరు రాసుకుంది, వెళ్లి చక్రం తిప్పింది. కమ్మీలు దిగాయి.

అప్పుడే ఊరి వైపు నుంచి సమ్మయ్య ఆటో వచ్చింది. కొండగట్టు అంజన్న మాల వేసుకున్న స్వాములు లోపల కొందరు, బయటికి వేలాడుతూ కొందరు. వెనక గడ్డిమోపుతో లచ్చవ్వ. సమ్మయ్య ప్రభుత్వ జీపును చూశాడు. బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు.

"దిగుండ్రి స్వామీ, దిగుండ్రి! ఆర్టీవో!"

స్వాములు దిగి, తమకు ఆటోతో సంబంధం లేనట్టు పసుపు చేను వైపు చూస్తూ నిలబడ్డారు. లచ్చవ్వ కదలలేదు.

"నేను దిగ. నా మోకాలు నీ ఆర్టీవోకు భయపడది."

సమ్మయ్య కమ్మీ దగ్గరికి వచ్చి కాగితాలు చూపించాడు. "మేడం, ఫిట్‌నెస్ ఉన్నది. ఇన్సూరెన్స్ ఉన్నది. మంది గీ ఒక్కదినమే జరంత ఎక్కువైన్రు."

"నేను రైల్వే అండి."

"రైల్వేనా! ముందుగాల చెప్పద్దా మేడం!" వెనక్కి తిరిగాడు. "స్వామీ, ఎక్కుండ్రి!"

"ఎక్కకండి!" అంది హేమలత. "మొత్తం ఎంతమంది?"

"పదకొండు," అంది లచ్చవ్వ. "నేను గాక. మోపు గాక."

సమ్మయ్య ఆమె వైపు ఒక చూపు చూసి, మాట మార్చాడు. "రైల్వే మేడం మా గేటుకాడికి ఎందుకచ్చిన్రు?"

జాన్ చెప్పాడు. "గేటక్క మీద ఎవలో ఫిర్యాదు చేసిన్రు. ఈమెను మారుస్తరట."

"గేటక్క మీదనా? ఎవడాడు? వాని చేతులిరగ!"

"పేరు చెప్పకూడదు," అంది హేమలత. "రాసిన మాట మాత్రం ఇది. 'గిసువంటి మనిషిని నేను ఏడ సూడలే.'"

సమ్మయ్య నోరు తెరిచాడు. మూశాడు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

"మేడం. గా మాట నేనే రాసిన."

లచ్చవ్వ ఆటోలోంచి తల బయటపెట్టింది. అడిగింది. "ఏ చెయ్యిరా?"

స్వాములు ముందు నవ్వారు. జాన్ స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. సమ్మయ్య రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"అక్కా, నీ మీద ఒట్టు, నేను మెచ్చుకున్న! మేడం, ఇనుండ్రి. శ్రావణంల వాన పడుతున్నది. ఆటో నిండ మంది. ఒక బండి గేటు దాటిపోయింది. ఇగ తియ్యి అన్న. ఆగు అన్నది. మొత్తుకున్న. నోటికచ్చింది అన్న. ఏం సప్పుడు చెయ్యలే. ఆరు నిమిషాలకు కోరుట్ల దిక్కు నుంచి ఇంకో బండి అచ్చింది మేడం. ఖాళీ గూడ్సు. వానల కనవడలే, ఇనవడలే. నా ముంగటికెళ్లి పోతుంటే డబ్బలు లెక్కపెట్టిన. యాభై ఎనిమిది. ఇంటికి పోయినంక అన్నం తినబుద్ధి కాలే. ఈమె గురించి పైకి చెప్పాలె అనిపిచ్చింది."

"మరి ఫిర్యాదుల నంబరుకు ఎందుకు పంపారు?"

సమ్మయ్య గోడ మీది బోర్డు చూపించాడు. "ఒక్కటే నంబరు ఉన్నది మేడం. మెచ్చుకునేటందుకు నంబరు ఏది?"

హేమలత బోర్డు వైపు చూసింది. నిజమే.

"పోనీ, మంచి మనిషి అని రాయవచ్చు కదా?"

"మంచిది, మంచిది అని రాస్తే ఎవలు నమ్ముతరు మేడం? చుట్టమనుకుంటరు."

బండి వచ్చింది. కరీంనగర్ నుంచి నిజామాబాద్ పోయే పాసింజరు. కిటికీల్లోంచి పిల్లలు చేతులు ఊపారు. స్వాములు తిరిగి ఊపారు. చివరి డబ్బా దాటింది. దుమ్ము నెమ్మదిగా కిందికి దిగింది. సారక్క తాళంచెవి ముట్టుకోలేదు.

జాన్ గడియారం చూసుకున్నాడు. "అక్కా, బండి పోయింది గద. మేడంకు ఊరవుతల ఇంకో గేటు తనిఖీ ఉన్నది. జీపు గా పక్కకు పోవాలె. జర తియ్యి."

"ఆగుండ్రి," అంది సారక్క.

లచ్చవ్వ ఆటోలోంచి చెయ్యి చాపింది. "ఇగో మేడం. కండ్లార సూడు. రాసుకో."

హేమలత నవ్వింది. పొద్దున నుంచి అది మొదటిసారి. జీపు బానెట్ మీద అట్ట పెట్టి, మొదటి గడిలో టిక్కు కొట్టింది. ఫిర్యాదు నిజం. దాని కింద 'తీసుకున్న చర్య' అని ఒక గీత ఉంది. అక్కడ చాలాసేపు రాసింది. ఏం రాసిందో ఎవరికీ చూపించలేదు. సారక్క అడగలేదు.

కోరుట్ల నుంచి ఇంకో బండి వచ్చి దాటిపోయాక ఫోను మోగింది. సారక్క నంబరు రాసుకుంది. గేటు లేచింది. జీపు ఊరి వైపు పోయింది. జీపు మలుపు తిరిగేదాకా ఆగి, స్వాములు ఆటో ఎక్కారు. ఐదుగురు. మిగిలిన ఆరుగురు రోడ్డు దాకా నడిచారు. సమ్మయ్య నడిపించాడు. లచ్చవ్వ దిగలేదు.

ఆ తర్వాతి నెల సారక్క తన సామాను గురించి ఆలోచించకుండా ఉండడానికి ప్రయత్నించింది. సంగీత రోజూ సాయంత్రం అడిగేది. "అమ్మా, కాగితం అచ్చిందా?" రాలేదు అనేది. కుండ మాత్రం పగిలితే కొత్తది కొన్నది. మల్లేశం దాన్ని చూసి, తాము ఎక్కడికీ పోవడం లేదని అర్థం చేసుకున్నాడు.

ఒక పొద్దున గేటు దిగి ఉంది. అవతల సమ్మయ్య ఆటో. లోపల ఆరుగురే. అతని ఫోను చిన్నగా మోగింది. తెరిచి చూసి, కమ్మీ దాకా పరుగెత్తాడు.

"అక్కా! అచ్చింది! మన ఫిర్యాదుకు జవాబు!"

"సదువు," అంది సారక్క. ఆమె కొంగు ముడిని పట్టుకుని ఉంది.

సమ్మయ్య బడిలో పాఠం అప్పజెప్పినట్టు చదివాడు. "'మీ ఫిర్యాదు విచారించబడినది. నిజమని తేలినది. సదరు సిబ్బంది అదే గేటు వద్ద, అదే ప్రవర్తనను ఇకముందు కూడా కొనసాగించవలెనని ఆదేశించడమైనది.'"

ఆటోలోంచి లచ్చవ్వ అరిచింది. "తెలుగుల చెప్పురా!"

సమ్మయ్యకూ పూర్తిగా అందలేదు. "అంటే ఏందక్కా?"

సారక్క కొంగు వదిలింది. పట్టాల వైపు తిరిగింది. చాలా దూరంలో, జగిత్యాల వైపు, చప్పుడు మారింది.

"ఆగు అని," అంది.