ఒకే బలంతో రెండుసార్లు

2023, వర్షాకాలం. యాంగోన్‌లో లత టౌన్‌షిప్, మా వినికిడి పరీక్ష కేంద్రం. ఆ ఉదయం గదిలో ఉన్నవి: ఆడియోమీటర్, అంటే కొలిచిన శబ్దాలను చెవిలోకి పంపే పరికరం, గాజు కిటికీ ఉన్న బూత్, హెడ్‌ఫోన్స్, పేషెంట్ చేతికిచ్చే బటన్. ఉన్నవాళ్లు: నేను, డెబ్బయ్యేళ్లు దాటిన ఊ సింహాచలం, ఆయన్ను వెంటబెట్టుకొచ్చిన స్నేహితుడు ఊ బా తాన్. పెద్దవాళ్ల పేరు ముందు ‘ఊ’ అనడం ఇక్కడి మర్యాద. బా తాన్ గారి తల్లి తెలుగు, తండ్రి బర్మీస్. వచ్చిన దగ్గర నుంచీ ఆయన నోరు మూయలేదు.

సింహాచలం గారు బోటాటౌంగ్ భజన బృందంలో ఢోలకు వాయిస్తారు. కొన్నాళ్లుగా తాళాల మోత వినబడక పాట కంటే ముందుకు పరుగెడుతున్నారట. శనివారంలోగా చెవులు బాగుచేయించుకోకపోతే ఢోలకు మరొకరికి ఇచ్చేస్తామని బృందం చెప్పేసింది.

"మేం పల్లవిలో ఉంటే ఈడు మంగళారతి కాడికి ఎళ్లిపోతాడు బాబూ," అన్నారు బా తాన్.

"నువ్వు పాడతంటే ఎవుడైనా పారిపోడేటి?" అన్నారు సింహాచలం.

పరీక్ష పద్ధతి సులువే. శబ్దం వినబడితే బటన్ నొక్కాలి. నొక్కకపోతే ఐదేసి డెసిబెల్స్ పెంచుకుంటూ పోతాను. ఎక్కడ వినబడటం మొదలవుతుందో ఆ మెట్టును థ్రెషోల్డ్ అంటాం. సింహాచలం గారు 40 దగ్గర నొక్కలేదు. 60 దగ్గర, 80 దగ్గర కూడా నొక్కలేదు. 95 వచ్చేసరికి మొహం చిట్లించారు కానీ బొటనవేలు కదల్లేదు. అంత నష్టం ఉంటే మా దగ్గరున్న హియరింగ్ ఎయిడ్ పనికిరాదని రాసి పంపేయాలి. ఢోలకు చేజారినట్టే.

అయితే లెక్క కుదరలేదు. ఆయన బయటికి వస్తుంటే వెనక నుంచి బా తాన్ మామూలు గొంతుతో, "ఈడి సెవులకి తుప్పట్టీసింది" అన్నారు. సింహాచలం తల తిప్పకుండానే, "నీ బుర్రకి పట్టిందిరా" అన్నారు. 95 దగ్గర కూడా వినని మనిషికి ఆ మాట వినబడే వీల్లేదు.

మళ్లీ బూత్‌లో కూర్చోబెట్టాను. ఈసారి బా తాన్ నా పక్కన నిలబడి, నేను శబ్దం పెంచుకుంటూ పోవడం చూసి, పకపకా నవ్వారు.

"ఓరి నాయినో! బాబూ, నువ్వు గార్డులాగ కొడతన్నావు. ఈడు సచ్చినా నొక్కడు!"

సోవియట్ నియంతృత్వంలోని శ్రమ శిబిరాల గురించి నేను పుస్తకాల్లో చదివాను. అలాంటి బతుకు బతికి వచ్చిన ఇద్దరు నా ఎదుటే ఉన్నారని అప్పుడే తెలిసింది. బర్మాలో ఏకపార్టీ పాలన రోజుల్లో యాంగోన్‌లోని సేక్కాన్ రేవులో సమ్మె చేసినందుకు ఇద్దరినీ పట్టుకెళ్లి రాళ్ల క్వారీ శిబిరంలో పడేశారు. సింహాచలం గారి చెవులు అక్కడి పేలుళ్లకే దెబ్బతిన్నాయి. పని అయ్యాక పక్కపక్క గదుల్లో బంధించేవారు. మాట్లాడితే దెబ్బలు. అందుకని గోడ మీద తట్టి పలకరించుకునేవారు.

"మొదటి తట్టుకి పలక్కూడదు," అన్నారు బా తాన్. "మనల్ని పట్టుకోడానికి గార్డు కూడా తడతాడు. పలక్కపోతే ఆడికి కోపం, రెండోపాలి గట్టిగా కొడతాడు. మనోడైతే అంతే బలంగా మళ్లీ తడతాడు. అప్పుడే పలకాల."

నా ఆడియోమీటర్ ప్రతిసారీ ఐదు డెసిబెల్స్ పెంచుతోంది. అచ్చం గార్డే.

బూత్ తలుపు తీసి, "శబ్దం వినబడిందా?" అని అడిగాను.

"వినబడింది బాబూ. నొక్కుదామనే ఉంది. ఏలే కదల్నేదు," అన్నారు సింహాచలం, తన వేలిని తనే వింతగా చూసుకుంటూ.

"ఇంటికొచ్చి నలబై ఏళ్లు దాటింది, ఇంకా ఏటిరా?"

"నువ్వు నేర్పిందే కదేటి!"

పద్ధతి మార్చాను. ప్రతి శబ్దాన్నీ ఒకే బలంతో రెండుసార్లు పంపాను. 60 దగ్గర, బటన్ నొక్కితే వెలిగే దీపం నా ముందు వెలిగింది. 55 దగ్గర వెలిగింది. 50 దగ్గరా వెలిగింది. 45 దగ్గర ఆగిపోయింది. నష్టం ఉంది, తాళాల్లాంటి సన్నని మోత దగ్గర ఇంకొంచెం ఎక్కువ ఉంది, కానీ హియరింగ్ ఎయిడ్‌తో సరిదిద్దగలిగినంతే. కిటికీకి ముక్కు ఆనించి చూస్తున్న బా తాన్ దీపం వెలిగినప్పుడల్లా చప్పట్లు కొడుతుంటే ఆపడం నా వల్ల కాలేదు. హుషారెక్కిన సింహాచలం బటన్ మీద దరువు వేయడం మొదలుపెట్టారు. ఢోలకు ఆయన మొదట నేర్చుకున్నది ఆ శిబిరం గోడ మీదేనట. అవతల నుంచి తాళం తట్టినవాడు బా తాన్.

హియరింగ్ ఎయిడ్ పెట్టగానే బా తాన్ చెవి దగ్గర ఒక పల్లవి అందుకున్నారు. సింహాచలం ఉలిక్కిపడ్డారు.

"ఇదేటిరా, నీ గొంతు ఇలగుంటదా? బాబూ, ఇది తీసీ!"

తీయనివ్వలేదు. ముగ్గురం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాం.

బటన్ నొక్కకపోవడం వినబడకపోవడానికి రుజువు కాదని ఆ కేసు నాకు నేర్పింది. ఇప్పుడు ఏ పరీక్షకైనా ముందు పేషెంట్‌తో కాసేపు కబుర్లు చెబుతాను. ఎవరైనా పిలిస్తే ఆ మనిషి ఎలా పలుకుతాడో చూసుకున్నాకే హెడ్‌ఫోన్స్ పెడతాను.

శనివారం భజనకు నేనూ వెళ్లాను. ఢోలకు వాయిద్దామని వచ్చిన కొత్తాయన చేతికి తాళాలు ఇచ్చారు. సింహాచలం గారు పాటతో పాటే నడిచారు. పాడినవాళ్లు పదకొండు మంది. తాళాలు నాలుగు జతలు. ఢోలకు ఒకటి.