తుమ్మి మొక్కలు పీకిన రోజు

మా చిన్నప్పుడు, భువనగిరి దగ్గరి పల్లెలో, మా పెరటి మట్టిగోడ నా భుజాల ఎత్తే ఉండేది... అయినా దాన్ని దాటడానికి లేదు. పెద్దమనిషినయ్యానని ఏడో తరగతి మధ్యలోనే బాపు బడి మాన్పించాడు.

నాకు మిగిలింది ఒక్క తెలుగు వాచకం. అందులోని మాటలన్నీ నాకు ముద్దే... 'పరిశుభ్రత' అన్న మాటనైతే రోజుకు పదిసార్లు పలికేదాన్ని. పెరట్లో పిచ్చిమొక్కలు ఉండరాదని ఆ పేరున్న పాఠంలో ఉంది.

పుస్తకం చెప్పినట్టు చేసి చూపిస్తే బాపు మళ్లీ బడికి పంపుతాడనుకున్నాను. ఒక పొద్దంతా కూర్చుని తుమ్మి, ఉత్తరేణి, గునుగు... అన్నీ వేళ్లతో సహా పీకేశాను. గుమ్మడి తీగ ఒక్కటే మిగిలింది.

సాయంత్రం చెలకలో సేద్యం ముగించుకుని వచ్చిన బాపు పెరడంతా కలియజూశాడు.

"శభాష్ బిడ్డా! ఇంటిపని మంచిగ నేర్చినవ్. ఇగ బడెందుకు?"



ఆ తర్వాత పెరట్లో చప్పుడే లేదు. తుమ్మిపూల మీద వాలే సీతాకోకచిలుకలు లేవు, నల్ల తుమ్మెద లేదు. గోడ అవతలి నుంచి నా దగ్గరికి వచ్చేవి అవే కదా! గుమ్మడి పిందెలు కూడా పసుపెక్కి రాలిపోసాగాయి.

బాపు తల్లి, మా అవ్వ, రాలిన పిందెను చేతిలోకి తీసుకుని నవ్వింది.

"తుమ్మి పీకితివి... ఇగ తుమ్మెద ఏడికెల్లి వస్తదే పిచ్చిదాన? పురుగు వాలకుంటె పిందె నిలుస్తదా?"

తుమ్మి... తుమ్మెద! ఒక మాటలో ఇంకో మాట దాక్కుని ఉందని అప్పుడే గమనించాను. పండితులు ఒప్పుకుంటారో లేదో గానీ, నాకది ఇప్పటికీ నిజమే.

అవ్వ చెలక గట్టు మీది తుమ్మి మొక్కలు కొంగులో వేసుకొచ్చింది. వాన పదునులో ఇద్దరం నాటాం. పూత పట్టాక, ఒక పొద్దున తుమ్మెద వచ్చింది!

కొన్నాళ్లకు, పూల మీది తుమ్మెదను అవ్వ బాపును పిలిచి చూపించింది. "తుమ్మెదకు తోవ దొరికింది. పొల్లకు గూడ జర తోవ ఇయ్యరాదుర కొడుకా!"

బాపు ఈసారి నిలిచిన గుమ్మడి పిందెను తడిమి చూశాడు. పార భుజాన వేసుకుని చెలకకు వెళ్లిపోయాడు.

తుమ్మెద గోడ మీదుగా బడి వైపు ఎగిరిపోయింది... నేను ఇవతలే నిలబడ్డాను.

ఇప్పుడు ఆ జాగా అంతా సిమెంటు. గోడ నిలువెత్తు. వెళ్లినప్పుడల్లా పగుళ్లలో తుమ్మి మొలిచిందేమోనని వెతుకుతాను...

మీ ఇంట్లో పిచ్చిమొక్క అని పీకేశాక, మళ్లీ కావాలనిపించింది ఏది? పేరొక్కటి రాసినా చాలు... నేను పలికి చూసుకుంటాను.