పెద్ద పుల్ల

నా చిన్నప్పుడు ఖరగ్‌పూర్‌లో మేముండే మలంచా పేటలో అందరూ తమ టీవీ యాంటెన్నాలను కలకత్తా వైపు తిప్పుకుంటే, మా ఒక్క ఇంటిదాన్ని భీమిలి వైపు తిప్పించిన ఘనత నాది. కిరాణా కొట్టులో పెరిగినదాన్ని. సరుకు ఎక్కడ పండితే అక్కడే కొనాలని నాన్న చెప్పగా విన్నదాన్ని. ఆంధ్రాలో పండే తెలుగుని కలకత్తా దళారీ దగ్గర తీసుకోవడమేమిటని వాదించాను. మా నాయనమ్మకి ఈ వాదన తెగ నచ్చింది. తల్లి మాటకి నాన్న ఎదురు చెప్పలేదు.

నాయనమ్మ పెళ్ళయి ఖరగ్‌పూర్ వచ్చాక మళ్ళీ భీమిలి మొహం చూడలేదు. ఆ ఏడు గుండె జబ్బుతో పెరట్లో మంచాన పడింది. అప్పట్లో ఆదివారం మధ్యాహ్నాలు టీవీలో దేశమంతటికీ కలిపి ఒక్కో వారం ఒక్కో భాష సినిమా వేసేవారు. తెలుగు వంతు ఎన్ని నెలలకో గాని రాదు. ఈసారి వేసేది భీమిలి ఒడ్డున తీసిన సినిమా అని ఎవరో చెప్పారు. పోయేలోగా తన సముద్రాన్ని ఒక్కసారి చూడాలని ఆవిడకి పట్టుకుంది.

ఆదివారం వచ్చింది. తెరంతా చీమలు. బూస్టరు బిగిస్తే ఆ చీమలే బలిశాయి తప్ప బొమ్మ రాలేదు. సినిమా అయిపోయేదాకా ఆ గరగరలో కదలకుండా కూర్చున్న నాయనమ్మ, చివరికి, "హోరు మాత్రం మా సంద్రందేనే," అంది.

మర్నాడు రైల్వే బడిలో పాఠాలు చెప్పే పక్కింటి అక్క చీర కుచ్చిళ్ళు దోపుకుని మా మేడెక్కింది.

"ఏటే సావుకారమ్మా, తెలుగుని లారీ మీద తెప్పిస్తన్నావేటి? ఏ బాసైనా ఆ కలకత్తా టవరు మీంచే దిగాల!"

గొట్టం ఇంకాస్త ఎత్తు చేసి, పొట్టి పుల్లలున్న కొసని కలకత్తా వైపు తిప్పి బిగించింది. కింద తెర మీద, వార్తలు చదివే బెంగాలీ ఆవిడ పాపిట్లో సిందూరంతో సహా ప్రత్యక్షమైంది. నేను చప్పట్లు కొట్టాను.

పెరట్లోంచి చూస్తున్న నాయనమ్మ మాత్రం, "మనూరికి ఈపు సూపించేసినారా?" అని గోడకేసి తిరిగి పడుకుంది. టీ కూడా ముట్టలేదు.

అక్క దిగొచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. "మామ్మా, ఓపాలి ఇటు సూడు. ముందున్నయ్యి సిన్న పుల్లలు. అన్నిటికంటే ఎనక పెద్ద పుల్ల ఉంది, సూసినావా? వచ్చిన బొమ్మ జారిపోకుండా కాపు కాసేది అదే. అది నిలబడింది మనూరి వైపే."

అందులో అబద్ధమేమీ లేదని పెద్దయ్యాక తెలుసుకున్నాను. నాయనమ్మ మెల్లగా ఇటు తిరిగింది. ఆనాటి నుంచి ఆవిడ చూపంతా ఆ పుల్ల మీదే. దాని మీద కాకి వాలితే చాలు, నన్ను పిలిచి తోలించేది.

మళ్ళీ తెలుగు వంతు వచ్చేసరికి ఆ మంచాన్ని గోడకి నిలబెట్టేశాం. బొమ్మ అద్దంలా వచ్చింది. ఆ సినిమాలో సముద్రం లేదు. మధ్యలో లేచి పెరట్లోకి వెళ్ళాను. పెద్ద పుల్ల మీద కాకి వాలి ఉంది. పిలిచేవాళ్ళు లేకపోయినా తోలాను.

బేరంలో నన్ను గెలిచినవాళ్ళు లేరని ఇప్పటికీ కోతలు కోస్తుంటాను. కానీ ఎవరి నమ్మకాన్నయినా కాదనాల్సి వస్తే, నోరు విప్పే ముందు, వాళ్ళ కోసం ఒక పెద్ద పుల్ల ఎక్కడుందా అని వెతుకుతాను. ఇక, దళారీని తప్పించానని మురిసిపోయిన ఆ బేరానికి అసలు బిల్లు ఇదీ: నాకు పోయింది ఒక్క ఆదివారం. నాయనమ్మ దగ్గర ఉన్నదీ ఆ ఒక్కటే.