ఏకాదశి ఉపవాసమున్న డేగపిల్ల

భద్రాచలంలో నేను అద్దెకుంటున్న ఇంటి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. డాబా మీద ఆరేసిన చొక్కాలు ఆరతాయి గానీ, వాటి మానాన అవి ఆరవు. సాయంత్రం తీసుకునేసరికి ఒక్కోదానికి రెండు మూడు ఈకలు అంటుకుని ఉండేవి. పక్కింటివాళ్ళు దిండ్లు దులుపుతున్నారనుకుని కొన్నాళ్ళు వాళ్ళతో ముక్తసరిగా మాట్లాడాను. ఒకరోజు తెల్లచొక్కా జేబు మీద ఎర్రటి పావురం కాలొకటి దొరికింది. దిండ్లలో కాళ్ళుండవు. పక్కింటివాళ్ళను మనసులోనే క్షమించి, తల పైకెత్తి చూశాను.

ఇంటి వెనకే పాత నీళ్ళట్యాంకు ఉంది. పక్కన కొత్తది కట్టాక దానికి పనేమీ లేదు, ఊరికే నిలబడి ఉంటుంది. ఆ పైన చుట్టూ తిరిగే సన్నటి నడవా అంచున కూర్చుని ఒక పక్షి పావురాన్ని తీరిగ్గా పీకుతోంది. వీపు సీసం రంగు, పొట్ట ఇటుక రంగు, బుగ్గల మీద మీసాల్లాంటి నల్లమచ్చలు. వాహనాలు ఆపి కాగితాలడిగే ముఖం.

నేను వ్యవసాయ శాఖలో పనిచేస్తాను. ఎలుకల మీద, పురుగుల మీద నాకు అధికారికంగా అభిప్రాయాలున్నాయి. పక్షుల మీద లేవు. కానీ బోనకల్‌లో ఉండే మా బావగారు రాములవారి కల్యాణాన్ని దూరం నుంచి చూద్దామని కొన్న బైనాక్యులర్ నా దగ్గరే వదిలేసి వెళ్ళారు. దాంతో చూసి, ఫోనులో బొమ్మలతో పోల్చుకుంటే అది షాహీన్ డేగ అని తేలింది. కొండచరియల మీద ఉండాల్సిన పక్షి. గోదావరి ఒడ్డున అన్ని గుట్టలుండగా ఈ సిమెంటు గుట్టను ఎందుకు ఎంచుకుందో తెలియదు. నేనూ బదిలీ మీద వచ్చినవాణ్ణే కాబట్టి ఎక్కువ ప్రశ్నలు వేయలేదు.

చలికాలంలో జంట కుదిరింది. శివరాత్రి దాటాక ఆడది నడవా మూలలో పేరుకున్న కంకర మీద కూర్చుని ఇక లేవలేదు. గూడు కట్టే శ్రమేమీ పెట్టుకోలేదు. నవమికి ఊరంతా జనంతో నిండిపోయినప్పుడు పైన రెండు దూదిపింజలు నోళ్ళు తెరుచుకుని కనిపించాయి. మగడేగ పావురాన్ని తెచ్చి గాల్లోనే వదిలితే, ఆడది వెల్లకిలా తిరిగి అందుకునేది. పొద్దున ఆఫీసుకు వెళ్ళే ముందు అరగంట, వచ్చాక గంట, ఇదే నా పని. ఆఫీసులో నేను యోగా మొదలుపెట్టానని అనుకున్నారు. నేను కాదనలేదు.

ఇదంతా ఇంటి ఓనరమ్మకు చెప్పలేదు. ఆవిడ రిటైరైన టీచరమ్మ, కింది భాగంలో ఒక్కతే ఉంటుంది. ఇల్లు ఇచ్చేటప్పుడు పెట్టిన షరతు ఒక్కటే: గుమ్మంలోకి నీచు రాకూడదు. నీచు గాల్లోంచి వచ్చి నా చొక్కా మీద వాలుతోందని తెలిస్తే, ఖాళీ చేయాల్సింది డేగలా నేనా అన్న అనుమానం నాకుండేది. అందుకని ఈకలేరేసి, కాళ్ళు పారేసి, నోరు మూసుకున్నాను.

ఏప్రిల్ చివర్లో పెద్దపిల్ల ఎగిరింది. రెండోది అంచు మీద నిలబడి రెక్కలాడిస్తూ రేపు చూద్దామన్నట్టు వాయిదా వేస్తూ వచ్చింది. ఒక శనివారం పొద్దున ఈదురుగాలి లేచింది. వాయిదా కుదరలేదు. అర్ధచక్రం తిరుగుతూ వచ్చి ఓనరమ్మ తులసికోట పక్కన పడింది.

నేను మెట్లు దిగేసరికి ఆవిడ చేతులు జోడించి నిలబడి ఉంది.

"నాయనా, చూశావా! గరుత్మంతుడి పిల్ల. వెతుక్కుని వెతుక్కుని మన తులసమ్మ దగ్గరకొచ్చింది."

గరుడపక్షి అంటే తెల్లతల, గోధుమరంగు రెక్కలు ఉన్న వేరే గద్ద. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. తెరిచిన నోటితో "అవునండీ" అన్నాను.

పిల్లను వరండాలో వెదురుగంపలో పెట్టి, గంపకు పసుపు రాసి బొట్టు పెట్టారు. వీధిలోవాళ్ళు ఒకరొకరే వచ్చారు. వెండి గిన్నెలో పాలు, అరటిపండు ముక్కలు, నానబెట్టిన పెసరపప్పుతో వడపప్పు, నవమి వెళ్ళి నెలైనా పానకం. పిల్ల వాటన్నిటినీ కన్నార్పకుండా చూసి, ముఖం తిప్పుకుంది.

"శనివారం కదా, ఒంటిపొద్దేమో" అంది ఎదురింటావిడ.

మర్నాడు ఏకాదశి. పిల్ల ఏమీ ముట్టలేదు. ఆ సంగతి రెండు వీధులు దాటింది. "నేను ఉండగలనో లేదో గానీ, చూడు, నోరులేని పిల్ల ఎంత నిష్ఠగా ఉందో" అని ఓనరమ్మ అందరికీ చెప్పింది. పైన ట్యాంకు మీద తల్లిడేగ పొద్దుటినుంచి గొంతు చించుకుంటోంది. స్తోత్రమని కింద అనుకున్నారు. నాలుగు నెలలుగా వింటున్నవాణ్ణి, అది స్తోత్రం కాదని నాకు తెలుసు. పిల్ల కళ్ళు సగం మూతలు పడుతున్నాయి. అటవీశాఖ వాళ్ళకు చెబుదామని రెండుసార్లు ఫోను తీశాను. రెండుసార్లూ ఓనరమ్మ అక్కడే ఉంది. మార్కెట్ దాకా వెళ్ళి కోడిమాంసం కొట్టు ముందు కాసేపు నిలబడి, కొత్తిమీర కొనుక్కుని వచ్చాను.

సోమవారం ద్వాదశి. ఆవిడ స్నానం చేసి, పారణకని వేడన్నంలో నెయ్యి వేసి తెచ్చింది. పిల్ల మెడ నిలబెట్టలేక గంప అంచుకు ఆనించింది. అప్పుడు మొదటిసారి ఆవిడ ముఖంలో భయం చూశాను.

"ద్వాదశి కూడా తినదేంటి నాయనా?"

సరిగ్గా ఆ సమయానికి పంపు ఆపరేటర్ వచ్చాడు. అతనిది అడవివైపు పల్లె. కొత్త ట్యాంకు వాల్వు తిప్పడానికి రోజూ మా సందులోంచే పోతాడు. గంపలోకి తొంగిచూసి ఆగిపోయాడు.

"ఏందమ్మా గిది? డేగపిల్లకు నెయ్యన్నం పెడుతున్నరా?"

"డేగేమిట్రా! గరుత్మంతుడి అంశ."

"ఏ అంశనో నాకెర్క లేదు గానీ, గిసొంటియి మా కోడిపిల్లల్ని ఎన్ని ఎత్తుకపోయినయో నేను చెప్పలేను. నెత్తురు లేంది ముట్టది."

"ఛీ, ఏం మాటలవి!"

"ఏందమ్మా, నువ్వు టీచరమ్మవు. గరుత్మంతుడు పాముల్ని తిన్నడా లేదా? వడపప్పు తిన్నడా?"

శాస్త్రం అటువైపు నుంచి వస్తుందని ఆవిడ ఊహించినట్టు లేదు. మూడో మనిషి అభిప్రాయం కోసం నావైపు తిరిగింది. ధైర్యం మరొకరు ఖర్చు పెట్టాక నాకూ కాస్త వచ్చింది.

"అతను చెప్పింది నిజమేనండి. నాలుగు నెలలుగా చూస్తున్నాను. రోజుకు ఒకటో రెండో పావురాలు."

ఆవిడ నన్ను కొంచెం ఎక్కువసేపే చూసింది. తర్వాత లేచి నెయ్యన్నం పక్కన పెట్టింది.

"నీచు ఈ గుమ్మం తొక్కదు. దాన్ని వాళ్ళింటికే చేర్చండి. వాళ్ళింట్లో ఏం తింటారన్నది వాళ్ళ ఆచారం, మనకెందుకు."

పంపు ఆపరేటర్ పిల్లను తువ్వాల్లో చుట్టి, కూరగాయల సంచిలో దింపి, మెడలో వేసుకున్నాడు. నా బండి హెల్మెట్ అడిగి పెట్టుకున్నాడు.

"సార్, నువ్వు నిచ్చెన పట్టుకో."

పాత ట్యాంకుకున్న ఆ ఇనుపనిచ్చెన ఇరవయ్యేళ్ళుగా సిమెంటులో పాతి ఉంది. అయినా రెండు చేతులా పట్టుకున్నాను. సగం ఎక్కాడో లేదో తల్లిడేగ ఆకాశం మీంచి రాయిలా పడింది. హెల్మెట్ మీద టప్పుమని చప్పుడు.

"అబ్బో! నీ పిల్లనే తెస్తున్ననే తల్లీ! జరంత ఆగు!"

మూడుసార్లు కొట్టింది. మూడుసార్లూ అతను దాన్ని వరసపెట్టి పిలిచి తిట్టాడు. పిల్లను కంకర మీద వదిలి, ఎక్కినదానికంటే జల్దీగా దిగాడు. హెల్మెట్ మీద పడ్డ గీతలు ఇప్పటికీ ఉన్నాయి. ఎక్కడ పడ్డావని అడిగినవాళ్ళకు నేను జవాబు చెప్పను.

తర్వాతి గంట నా జీవితంలో పొడుగైనది. ఆఫీసుకు ఆలస్యమవుతుందని ఫోను చేశాను. ఓనరమ్మ మోకాళ్ళ నొప్పులతోనే డాబా ఎక్కి వచ్చి కుర్చీలో కూర్చుంది. బైనాక్యులర్ ఆవిడకిచ్చాను. మగడేగ పావురంతో వచ్చింది. తల్లి దాన్ని చీల్చి, ముక్కతో పిల్ల మీదికి వంగింది. పిల్ల కదల్లేదు. మళ్ళీ వంగింది.

"తిందా?" అన్నాను.

ఆవిడ కుర్చీలోంచి ముందుకు వంగింది. తర్వాత, "తింటోంది నాయనా. ఇంకా అడుగుతోంది" అని, బైనాక్యులర్ దించి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను కొత్త ట్యాంకులో నీటిమట్టం పరిశీలిస్తున్నట్టు అటు తిరిగాను.

ఐదో రోజు అది ఎగిరింది. ముందు రాయిలా కిందికి జారింది, నా గుండె కూడా కొంతదూరం వెంట వెళ్ళింది. కొబ్బరిచెట్ల ఎత్తులో రెక్కలు అందుకుని, ఊగుతూ లేచి, సెల్ టవర్ మీద వంకరగా వాలింది. అక్కడున్న అక్క పక్కకు జరిగి చోటిచ్చింది. ఓనరమ్మ చేతులు జోడించింది. ఎవరికని నేను అడగలేదు. వారం తర్వాత మొదటిసారి ఆ పూట నాకు ఆకలేసింది. ఎండ కూడా అంత తీవ్రంగా లేదనిపించింది, మే నెల మొదలైనా.

ఆవిడ మెట్లవైపు వెళుతూ, తీగ మీద ఆరుతున్న నా నీలం చొక్కా దగ్గర ఆగింది. భుజం మీదనుంచి ఒక బూడిదరంగు ఈకను రెండు వేళ్ళతో తీసి, వెలుతురులో తిప్పి చూసింది. దాన్ని నా చేతిలో పెట్టింది.

"రెండు రోజులు దాన్ని పస్తు పెట్టింది నేను కాదు నాయనా, నువ్వు."