నేను కనిపెట్టిన కిరండూల్ రోగం

వయసులో ఉన్నప్పుడు కొందరు తొందరపడి ప్రేమిస్తారు, కొందరు తొందరపడి ఉద్యోగం మానేస్తారు. నేను తొందరపడి ఒక రోగాన్ని కనిపెట్టాను. లేని రోగాన్ని. కనిపెట్టి ఊరుకున్నానా? దాన్ని సగం ఊరికి అంటగట్టాను. ఒక రైలు డ్రైవరు జీవితకాలపు కోరికను నాలుగు రోజులపాటు నా బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాను. ఆ ఘోరం ఎలా జరిగిందో ఇప్పుడు చెబుతాను. నవ్వుకోండి, నాకు అభ్యంతరం లేదు. చదువుతుండగా మెడ వెనక దురద పెడితే మాత్రం నా పూచీ లేదు.

మన ఒంట్లో రోగాలతో పోరాడటానికి ఒక కాపలా బలగం ఉంటుంది. ఒక్కోసారి దానికి మతి చెడి సొంత ఒంటినే కొడుతుంది. కాపలా కుక్క ఇంటివాళ్ళనే కరిచినట్టన్నమాట. అలాంటి జబ్బుల మీద పరిశోధన నా పని. బస్తర్ కొండల్లో ఇనుప గనులు జోరుగా నడుస్తున్న రోజులవి. అక్కడి ఎర్ర దుమ్ముకూ ఈ జబ్బులకూ ఏమైనా సంబంధం ఉందేమో చూసి రమ్మని మా ప్రొఫెసర్ నన్ను కిరండూల్ పంపారు. రైలు పట్టాలు అయిపోయే ఊరది. నేను చేరేనాటికి నా గొప్పతనం ఇంకా మొదలే కాలేదని గట్టిగా నమ్ముతుండేవాణ్ణి.

వానలు పట్టుకున్నాక నా అదృష్టం పండింది. నేను పనిచేసే గనుల ఆసుపత్రికి ఒకే రకం మనుషులు వరస కట్టారు. అందరికీ మెడ వెనక ఎర్రగా కందిపోయి, సన్నని నీటి పొక్కులు. కొందరికి నడుము దగ్గర కూడా. ఇంజనీర్లు, గుమాస్తాలు, నర్సులు, రైలు డ్రైవర్లు. సంతకి చింతపండు, ఇప్పపువ్వు తెచ్చే ఊళ్ళవాళ్ళలో ఒక్కరికీ లేదు! నా బుర్రలో దీపం వెలిగింది. నెల జీతం వచ్చేవాళ్ళకే వచ్చే కొత్త రోగం! ఎర్ర దుమ్ము వాళ్ళ ఒంట్లోని కాపలా బలగాన్ని రెచ్చగొడుతోంది!

మరి ఆ దుమ్ము అందరి మీదా ఒకేలా పడుతుంది కదా, సంతకొచ్చే వాళ్ళకెందుకు రాలేదు అని మీరు అడుగుతారు. ఎవరికైనా తట్టే ప్రశ్నే. నాకు తట్టలేదు.

సరిగ్గా ఆ సోమవారం అప్పలనాయుడుగారు వచ్చారు. బొబ్బిలి దగ్గరి మనిషి. ఇరవై ఏళ్ళుగా కిరండూల్ నుంచి విశాఖకి ఇనుప రాయి మోసే గూడ్సు నడుపుతున్నారు. ఆ శుక్రవారం వాల్తేరులో ప్యాసింజరు డ్రైవర్ల ఎంపిక. అక్కడ చూపించడానికి ఫిట్ సర్టిఫికెట్ కావాలి. గురువారం బండికి దాంతో బయల్దేరకపోతే ఆయన స్థానం వెనకున్న వాడికి పోతుంది. పదవీ విరమణలోపు మళ్ళీ అవకాశం లేదు.

"ఇరవయ్యేళ్ళు రాళ్ళని మోశాను బాబూ," అన్నారాయన చొక్కా విప్పుతూ. "రాయి టాటా సెప్పదు కదా. ఒక్కపాలి మనుసుల్ని ఎక్కించుకోవాల. మా ఇంటిది సత్తెమ్మని ముందు పెట్టెలో కూకోబెట్టి అరకు సొరంగాలు దాటించాల. అంతే నా కోరిక."

నేను ఆ మాటలు విన్నానో లేదో గుర్తులేదు. ఆయన మెడ వంకే చూస్తున్నాను. ఎంత అందమైన పొక్కులు!

"నాయుడుగారూ, ఇప్పుడే ఫిట్ అని చెప్పలేం."

"ఏటీ? మెడ మీద సెమటకాయలకి అన్‌ఫిట్టా?"

"చెమటకాయలు కావు. మీ ఒంట్లో అంతర్యుద్ధం జరుగుతోంది."

"నాకు తెలీకండానా?"

నా నాలుగు పేజీల ప్రశ్నల కాగితం తీశాను. "మీ తాతగారికి కీళ్ళ నొప్పులుండేవా?"

"మా తాతా? తొంబయ్యేళ్ళకి కూడా తాటిసెట్లు ఎక్కీవోడు."

'కుటుంబ చరిత్ర: అనుమానించదగినది' అని రాసుకున్నాను. తిండి, నీళ్ళు, నిద్ర, మేనరికాలు, చిన్ననాటి జ్వరాలు అన్నీ అడిగాను. ఆ నాలుగు పేజీల్లో చొక్కా గురించి ఒక్క ప్రశ్న లేదు.

ఆసుపత్రి పెద్ద డాక్టరు జబల్‌పూర్ మనిషి, శాంతమూర్తి. "పప్పల సాబ్, మీరు స్పెషలిస్టు. మీరు ఠీక్ అంటే ఇప్పుడే దస్తఖత్ చేస్తాను," అన్నారు, నన్ను ఇంటిపేరుతో పిలుస్తూ. నేను ఠీక్ అనలేదు. నాయుడుగారు మంగళవారం వచ్చారు, బుధవారం వచ్చారు. వచ్చి బెంచీ మీద టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. ఇప్పటికీ ఆ టోపీ తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

బుధవారం రక్త పరీక్షల ఫలితాలు వచ్చాయి. ఒళ్ళు తన మీద తానే తిరగబడుతోందేమో చూపే పరీక్షలో కొందరికి 'కొద్దిగా ఉంది' అని తేలింది. మా ప్రొఫెసర్‌కి ఫోను చేయడానికి ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తాను.

"సార్, కొత్త రోగం! రక్తంలో కూడా కొద్దిగా కనిపిస్తోంది!"

"కొద్దిగా అయితే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనూ కనిపిస్తుందయ్యా. వాళ్ళ ఒంటికి ఏం తగులుతోందో చూశావా?"

"దుమ్ము సార్!"

"దుమ్ము మెడ వెనక మాత్రమే పడుతుందా?"

లైను సరిగా లేదని చెప్పి ఫోను పెట్టేశాను. లైను బ్రహ్మాండంగా ఉంది.

గురువారం ఉదయం డాక్టర్లందరి ముందు నా ప్రసంగం. దానికోసమని అంతకుముందు శనివారమే నా చొక్కాలూ తెల్లకోటూ ధోబీ గౌరమ్మకి వేశాను. అప్పటిదాకా బకెట్లో నేనే జాడించుకునేవాణ్ణి. గౌరమ్మది మన సరిహద్దులోని కొంటా ఊరు. ఆసుపత్రి దుప్పట్లూ, కాలనీ బట్టలూ అన్నీ ఆవిడే ఉతికేది. మంగళవారం నుంచి ఆ ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని అద్దం ముందు ప్రసంగం సాధన చేశాను. గురువారం నిద్ర లేచేసరికి నా మెడ భగ్గుమంటోంది.

ఏ బుద్ధిమంతుడైనా ఆ క్షణంలో ఆలోచిస్తాడు. నేను గర్వపడ్డాను. రోగాన్ని పరిశోధిస్తూ రోగానికి బలైన త్యాగమూర్తినయ్యాను!

మీటింగు గదిలో నాయుడుగారిని చొక్కా విప్పించి, గోడకేసి తిప్పి నిలబెట్టాను, మచ్చుకి. ఒక చేత్తో మెడ గోక్కుంటూ, ఇంకో చేత్తో బోర్డు మీద బాణాలు గీస్తున్నాను. సరిగ్గా అప్పుడే గౌరమ్మ ఉతికిన దుప్పట్ల మూటతో లోపలికొచ్చింది. మూట దించి, నా మెడ వంక చూసి ఆగింది.

"ఏంది సారూ, మీ ఒంటికి గింజ పడలే?"

"గింజ ఏమిటమ్మా? మీటింగు జరుగుతోంది, వెళ్ళు."

"నల్లజీడి గింజ సారూ. ఈడోళ్ళు భెలవా అంటరు. సూదితోని ఆ గింజ రసం తీసి బట్టకి గుర్తు పెడ్త. మీద సున్నం రాస్త. ఇగ ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు." అంటూ దగ్గరికొచ్చి, ఎవరి అనుమతీ లేకుండా నా కాలరు వెనక్కి మడిచింది. నల్లగా మూడు చుక్కలు. "ఇది మీ గుర్తు. మూడు సుక్కల సారు."

నాయుడుగారు గోడ వైపు నుంచి మెల్లగా తల తిప్పారు.

"ఎప్పటినుంచి పెడుతున్నావు?" అడిగారు పెద్ద డాక్టరు.

"మొన్న వానలు పడ్డప్పటి సంది. అంతకుముందు సిరాతోని పెడ్తుంటి. వానలకు చెరిగి ఇద్దరు ఇంజనీరు సార్ల చొక్కాలు మారినయ్, పెద్ద లొల్లయింది. అందుకే మా అవ్వ పెట్టినట్టు పెట్టిన. ఎండబెట్టనీకి ఎండ యాడుంది? పచ్చి గింజే కొట్టిన. కొందరికి పడదు. కొబ్బరినూనె రాస్తే తగ్గుద్ది."

ఆ తర్వాతి దృశ్యం నేను చచ్చేదాకా మరిచిపోను. గదిలోని డాక్టర్లూ నర్సులూ లేచి ఒకరి కాలర్లు ఒకరు మడిచి చూసుకోవడం మొదలెట్టారు. పొక్కులున్న ప్రతి మెడ వెనకా ఒక గుర్తుంది. ఇంట్లో ఉతుక్కునే వాళ్ళ మెడలు తామరాకుల్లా నిగనిగలాడుతున్నాయి. నాయుడుగారి బనీనుకి ఒక అడ్డగీత, ప్యాంటు నడుముపట్టీకి ఇంకోటి, సరిగ్గా పొక్కులున్న చోటే.

ఇక్కడే నా అసలు పరువు పోయింది, వినండి. మాది పలాస. మా అమ్మ జీడిపిక్కలు కొట్టి నన్ను చదివించింది. ఆ పిక్కల జిగురుకి ఆవిడ వేళ్ళు ఇలాగే పొక్కి, నల్లబడి ఉండేవి. నా చిన్నతనమంతా ఆ చేతులతోనే అన్నం తిన్నాను. నల్లజీడి కూడా జీడిపిక్కకు చుట్టమే. తల్లి చేతుల మీద చూసిన పొక్కుని రైలు డ్రైవరు మెడ మీద చూసి, ప్రపంచంలో లేని రోగం అన్నవాణ్ణి నేను! నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"నాయుడుగారూ, నన్ను క్షమించండి," అన్నాను అందరి ముందే.

"సమాపణ తరవాత బాబూ, ముందు సంతకం. బండి టైమవుతోంది!"

పెద్ద డాక్టరు నా వైపు చూశారు. "ఠీక్?"

"ఠీక్ సార్! నూటికి నూరుపాళ్ళు ఠీక్!"

సంతకం తడి ఆరకముందే నాయుడుగారు చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా స్టేషనుకి పరిగెత్తారు. వెనకాల టోపీ పట్టుకుని నేను. ఆయన పెట్టె మెట్టెక్కాక టోపీ అందించాను. కదులుతున్న బండిలోంచి ఆయన పళ్ళన్నీ కనిపించేలా నవ్వారు. నా జీవితంలో ఏ పట్టా పుచ్చుకున్నప్పుడూ నేనంత ఆనందపడలేదు.

ఆయన నెగ్గారు. నెల తిరక్కుండా కిరండూల్ నుంచి ప్యాసింజరు నడిపారు. ముందు పెట్టె కిటికీలో కొత్త చీరలో సత్తెమ్మగారు. ప్లాట్‌ఫారం మీద గౌరమ్మా నేనూ చేతులు ఊపాం. టాటా చెప్పే మనుషులతో బండి బండంతా కళకళలాడింది.

ఎంపిక నాడు వాల్తేరులో ఏం జరిగిందో సత్తెమ్మగారే చెప్పారు. అక్కడి రైల్వే డాక్టరు నాయుడుగారి మెడ చూసి, "ఇదేమిటి?" అన్నారట. నాయుడుగారు నిటారుగా నిలబడి, "పప్పల దద్దు అంటారండి. మా ఊళ్ళో డాక్టరుబాబు కనిపెట్టారు. ధోబీ మారిస్తే పోద్ది," అన్నారట. ఆ డాక్టరు తనకి తెలీదని చెప్పుకోవడానికి సిగ్గుపడి, "ఓహో, అదా, నాకు తెలుసు," అని టిక్కు పెట్టేశారట. అంతే. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైల్వే కుటుంబాలన్నీ మెడ ఎర్రబడితే 'పప్పల దద్దు' అనడం మొదలెట్టాయి. ఒక రోగానికి తమ పేరు పడాలని మహామహులు జీవితాలు ధారపోస్తారు. నాకు లేని రోగానికే పడింది!

కనుక కిరండూల్ లైనులోని సమస్త సొరంగాల సాక్షిగా ఇదే నా శపథం: ఇకమీదట ఏ రోగినైనా సరే, ఆయన తాతగారి కీళ్ళ దాకా వెళ్ళే ముందు, "బాబూ, మీ చొక్కా ఎవరు ఉతుకుతారు?" అని అడిగి తీరతాను.