రోడ్డు మీద పడుగు

రోడ్డు వెడల్పు చేయాలని గద్వాలలో మా నేతగాళ్ల వీధిని కూల్చేశారు. ఆ తర్వాత, జ్ఞాపకంగా ఉండాలట, పట్నం నుంచి చిత్రకారుణ్ణి పిలిపించి అదే వీధి బొమ్మను ఆ కొత్త రోడ్డు మీదే రంగులతో వేయించారు. మనుషుల్ని వెళ్లగొట్టి బొమ్మను కాపురం పెట్టించడం ఏం తెలివో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చిత్రకారుడు మాత్రం నిజాయితీపరుడు. పొద్దున్నే మేం వీధి పొడవునా సాపే పడుగును, అంటే చాచి కట్టే చీర నిలువు దారాలను కూడా, రోడ్డుకు అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక్కో పోగూ కనిపించేలా గీశాడు. సాపిన పడుగును మాలో ఎవరూ దాటరు. వంగి దాని కింద నుంచి పోతారు. బొమ్మ కింద నుంచి ఎలా పోవాలి?

ఇప్పుడు వెనక వీధిలో అద్దెకుంటున్న మా అమ్మ పాలకు బయల్దేరి అక్కడే ఆగిపోయింది. ఆమె వెనక ఇరుగుపొరుగు ఆగారు. వాళ్ల వెనక ఆటోలు, అమరచింత బస్సు.

బస్సు డ్రైవర్ దిగొచ్చి, "గది రంగేనమ్మా, జర నడువుండ్రి" అన్నాడు.

"రంగైతేంది? పడుగు పడుగే. చుట్టి తీసేదాక ఆగు" అంది అమ్మ.

చివరికి మా ఇళ్లు కూల్పించిన అధికారే వచ్చాడు. ఆయన జీపు బొమ్మకు అవతల ఆగింది. మమ్మల్నీ పడుగునూ మార్చి మార్చి చూశాడు. ఏమనుకున్నాడో, బూట్లు విప్పి చేతబట్టుకుని, పక్క వీధంతా చుట్టి మా దగ్గరికి వచ్చాడు.

అమ్మ ఆయన్ని తేరిపార చూసింది.

"ఇండ్లు తొక్కిననాడు గీ మర్యాద యాడ వోయింది సారూ?"