పత్తి కాటా మీద మగపెళ్ళివారు

నా నిశ్చితార్థానికి బయల్దేరిన పద్నాలుగు మంది చుట్టాలను నేను పత్తి మిల్లుకు తోలుకెళ్ళి కాటా వేయించాను. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆ పద్నాలుగు మందిలో ఇప్పుడు తొమ్మిది మంది ఉన్నారు. మీరెప్పుడైనా వినుకొండ వైపు వస్తే ఆ తొమ్మిది మందీ విడివిడిగా ఇదే కథ చెప్పి, విడివిడిగా నన్ను తిడతారు. వాళ్ళు తిట్టేలోపు నేనే చెప్పుకోవడం మర్యాద.

రెండు వేల సంవత్సరం వచ్చీ రాని రోజులు. మాఘమాసం. నాకు ఇరవై మూడేళ్ళు. చదువు అయిదో తరగతిలోనే నన్ను వదిలేసింది గానీ, ట్రాక్టరు మాత్రం నన్ను గట్టిగా పట్టుకుంది. మా వీధి మొత్తానికి అదొక్కటే ట్రాక్టరు, దాన్ని తోలేవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని నా నడక చూస్తే జిల్లా కలెక్టరు కూడా పక్కకి తప్పుకునేలా ఉండేది.

ఆ ఏడు పత్తి విరగపండింది. పండితే సంతోషమే, కానీ పండించిన వాళ్ళందరూ ఒకేసారి మిల్లుకు తోలితే అక్కడ వరస మైలు పొడుగు. వీధిలో ఒకరి లోడు దింపి ఇంకొకరిది తోలుతూ మూడు రోజులు, మూడు రాత్రులు నేను ఆ వరసలోనే బతికాను. వరసలో నిద్రపోవడానికి మాకొక పద్ధతి ఉంది. స్టీరింగు మీద తల పెట్టి పడుకోవాలి. వెనక బండివాడు హారను కొడితే ఒక కన్ను తెరిచి, క్లచ్చి వదిలి, ఒక బండి పొడుగు ముందుకు జరిపి, మళ్ళీ ఆ కన్ను మూసుకోవాలి. రెండో కన్ను తెరవాల్సిన పనే లేదు. మూడు రోజుల్లో ఈ విద్యలో నేను ఎంత పండిపోయానంటే, నాలుగో రోజు తెల్లారుతుండగా ఇంటికొచ్చి అన్నం తింటుంటే వీధిలో బస్సు హారను మోగింది. పీటతో సహా ఒక జానెడు ముందుకు జరిగి మళ్ళీ కలుపుకున్నానట.

ఆ పూటే నిశ్చితార్థం. పెళ్ళికూతురిది దర్శి ఇవతల ఒక ఊరు. పేరు సుజాత. పిల్లను మేం చూశాం, పిల్ల తండ్రి నన్ను చూశాడు. చూడనిది ఒక్క పిల్ల తల్లే. మేం వెళ్ళిన రోజు ఆవిడ పెద్దకూతురి ఇంట్లో ఉంది. ఆ పెద్దల్లుడు సీసా కనబడితే పెళ్ళాన్ని మరిచిపోయే రకం. అందుకని ఆవిడ ముందే తేల్చి చెప్పింది: "రెండోవాణ్ణి నా కళ్ళతో నేను చూడాలి. చూసి సరే అంటేనే తాంబూలాలు. లేదంటే ఎవరిళ్ళకి వాళ్ళు." పైగా మధ్యాహ్నం పన్నెండున్నరకి వర్జ్యం మొదలు. ఆలోపు తాంబూలాలు మారకపోతే ఆ నెలలో మరి మంచి రోజు లేదు. ఆవిడ తమ్ముడి చేతిలో ఇంకో సంబంధం కూడా ఉందని వినికిడి.

పొద్దున్నే ఎనిమిదింటికి బయల్దేరాం. ట్రాక్టరు వెనక తగిలించిన ట్రక్కులో గడ్డి పరిచి, దాని మీద జంపఖానా వేశాం. పట్టుచీరలకి దుమ్ము కొడుతుందని, వెదురు బద్దలు వంచి పైన పట్టా కట్టాం. ఏ పట్టా? పత్తి లోడు మీద కప్పే పట్టాయే. బయట నుంచి చూస్తే ఎవరికైనా పత్తి లోడే. లోపల మా నాన్న, అమ్మ, నాయనమ్మ, మేనత్తలు, పిన్నులు, పళ్ళ బుట్టలు, మిఠాయి డబ్బాలు.

ఎక్కేముందు మా అమ్మ నా మొహం చూసింది.

"ఏరా, కళ్ళు అట్టా ఉన్నాయి? ఒక గంట పడుకుని బయల్దేరదాం."

"పడుకుంటే వర్జ్యం ఆగుద్దా?" అన్నాడు నాన్న.

"నాకేం నిద్ర రావట్లేదమ్మా," అన్నాను నేను, ఆవలిస్తూ.

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు పెద్దలు. వాళ్ళకి ట్రాక్టర్లు లేవు గనక అక్కడితో ఆపారు. నిద్ర స్టీరింగు కూడా ఎరగదు. ముందు రెప్పలకి ఎవరో ఇటుకలు కట్టినట్టయింది. తర్వాత ఎదురుగా వస్తున్న గేదె నాకు నమస్కారం పెట్టింది. నేను కూడా పెట్టాను. ఆ తర్వాత దర్శి రోడ్డు నేరుగా పోయింది, నా చేతులు మాత్రం కుడివైపు తిరిగాయి. మూడు రోజులుగా తిరిగిన మలుపే కదా, వాటికి అలవాటు. ఆ దారిలో కాలవ మీద గోడ లేని చప్టా ఒకటుంది. రెండు పక్కలా మనిషి లోతు గుంట. దాన్ని ఎలా దాటానో నాకిప్పటికీ తెలియదు. ఆ ఒక్క చోట మాత్రం కథ చెప్తూ నేనూ నవ్వను.

చప్టా దాటాక వరస. వరస కనబడగానే నా ఒంటికి ప్రాణం లేచొచ్చింది. ఆపాను. తల వాల్చాను. వెనక ఇంకో బండి వచ్చి ఆగింది. హారను, ఒక కన్ను, క్లచ్చి, జరుపు, మూత.

లోపల నాన్న అందరికీ ధైర్యం చెప్తున్నాడు. "రైలు గేటు పడిందర్రా. గూడ్సు బండేమో, ఆలస్యమవుద్ది."

"ఇంతసేపా?" అంది అమ్మ.

"గూడ్సుకి పెట్టెలెన్నో నీకేం తెలుసు?"

"మధ్య మధ్యలో కొంచెం కొంచెం జరుగుతున్నాం కదండీ. గేటు పడితే జరుగుతారా?"

"గేటు కొంచెం కొంచెం తీస్తుంటారు," అన్నాడు నాన్న. మా ఇంట్లో అన్నీ తెలిసినవాడు ఆయనే.

అలా గంటన్నర. ఆ గంటన్నరలో నేను పడ్డ సుఖం దేవుడిక్కూడా దక్కి ఉండదు. చివరికి నా బండి ఇనప పలక ఎక్కి ఆగింది. అది మిల్లు కాటా. కిటికీ లోపల గుమస్తా తలెత్తకుండా బరువు రాసుకున్నాడు. అప్పుడొచ్చాడు బయ్యరు. పత్తి కొనేవాళ్ళకి ఒక అలవాటుంది. పట్టా కింద చెయ్యి దూర్చి, గుప్పెడు పత్తి బయటికి లాగి, వేళ్ళతో సాగదీసి, పింజ ఎంత పొడుగుందో చూస్తారు. ఈయన గుమస్తాతో మాట్లాడుతూ, ఇటు చూడకుండానే, మా పట్టా కింద చెయ్యి దూర్చాడు.

ఆ మూల కూర్చుంది మా నాయనమ్మ. డెబ్భై ఏళ్ళు. తల మొత్తం ముగ్గుబుట్ట.

బయ్యరు గుప్పెడు పట్టుకున్నాడు. వేళ్ళ మధ్య నలిపాడు. "పింజ భేషుగ్గా ఉందయ్యా! ఈ సీజన్లో ఇంత పొడుగు పింజ చూళ్ళేదు. కాకపోతే ఇదేంటి, జిడ్డుగా ఉంది? నూనేమన్నా కలిపారా?" అంటూ బలంగా ఒక్క లాగు లాగాడు.

"ఓరి నీ చెయ్యి పడిపోనూ! ఎవడ్రా నా కొప్పు పీకేది?"

బయ్యరు ఎగిరి రెండు గజాల అవతల పడ్డాడు. ఎన్నో రకాల పత్తి చూసిన మనిషే గానీ, తిట్టే పత్తిని చూడటం అదే మొదలు. "పత్తి మాట్లాడతందయ్యోయ్!" అని అరిచాడు. ఆ అరుపుకి వరసలో వాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు. పట్టా ఎత్తి నాన్న తల బయట పెట్టాడు.

"గేటు తీశారా అండీ?"

"ఏం గేటు?" అన్నాడు గుమస్తా.

"రైలు గేటు."

"ఇది జిన్నింగ్ మిల్లయ్యా!"

నాన్న అటు చూశాడు, ఇటు చూశాడు. కొండంత పత్తి కుప్ప, పొగ గొట్టం, నోళ్ళు తెరుచుకుని చూస్తున్న జనం. అప్పుడు నా వైపు చూశాడు. నేనింకా లేవలేదు. ఎవరో హారను కొట్టారు. నేను ఒక కన్ను తెరిచి క్లచ్చి మీద కాలు వేశాను. నాన్న చెప్పు వచ్చి చెవి మీద పడింది. రెండో కన్ను కూడా తెరుచుకుంది.

"ఒరే కోటిగా! ఎక్కడికి తెచ్చావురా మమ్మల్ని?"

నేను చుట్టూ చూసి, నిజాయితీగా, "మన వంతు వచ్చింది నాన్నా," అన్నాను.

కలిసిరాని కాలానికి కునుకుతూ వచ్చే కొడుకు పుడతాడంటే ఇదే కాబోలు. సరే, అయిందేదో అయింది, బయటపడదామంటే వెనక నలభై బండ్లు. దారి ఒకటే, బయటి గేటు. దానికి గుమస్తా చీటీ కావాలి.

"లోడుతో కాటా పడింది. ఖాళీ బండి కూడా కాటా పడితేనే చీటీ ఇస్తా. అది రూలు."

"మేం పత్తి కాదు బాబూ, మగపెళ్ళివాళ్ళం!"

"ఎవరైనా సరే, దిగండి."

దిగారు. పట్టుచీరలతో, పళ్ళ బుట్టలతో, చేమంతిపూలతో పద్నాలుగు మంది కాటా పక్కన నిలబడితే ఖాళీ ట్రక్కు తూచారు. గుమస్తా తీసివేత కట్టి, "నికరం తొమ్మిది క్వింటాళ్ళ అరవై కిలోలు. సరుకు పేరేం రాయను?" అన్నాడు.

"చుట్టాలని రాయి," అన్నాడు నాన్న పళ్ళు కొరుకుతూ.

బయ్యరు మాత్రం దూరం నుంచే నాయనమ్మకి దండం పెట్టి, "పెద్దమ్మా, తప్పయింది. పింజ మాత్రం నిజంగా మంచిది," అన్నాడు. నాయనమ్మ పోయేదాకా తలదువ్వుకున్నప్పుడల్లా ఆ మాట తల్చుకునేది. కోపంగా కాదు.

పదకొండు దాటింది. ఇప్పుడైనా ఎవరో ఒకరు నన్ను అరగంట పడుకోనివ్వాలా వద్దా? మా అమ్మ అడిగింది కూడా. కానీ వర్జ్యం ఆగదు. మా చుట్టాల్లో ఎడ్లబండి తోలేవాళ్ళు అరడజను మంది ఉన్నారు, ట్రాక్టరు తోలేవాడు మళ్ళీ నేనే. నాన్న ఒక ఉపాయం పన్నాడు. రోడ్డు పక్క మిరప చేలో కోస్తున్న ఆడవాళ్ళనడిగి గుప్పెడు పచ్చిమిరపకాయలు తెచ్చి, నా పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. నా రెప్ప వాలిందా, ఒక మిరపకాయ నోట్లో. మళ్ళీ వాలిందా, ఇంకోటి.

"నమలరా!"

"మండుతంది నాన్నా!"

"మండాలనే! మింగమాక, నములు!"

మొత్తం పదకొండు కాయలు. నిద్ర పోయిందనుకుంటున్నారా? పోలేదు. నిద్రా ఉంది, మంటా ఉంది. రెండూ నా మొహం మీద కాపురం పెట్టాయి.

పన్నెండుంబావుకి పెళ్ళికూతురి ఇంటి ముందు దిగాను. కళ్ళు పండుమిరపకాయలు. పెదాలు గారెలు. ముక్కు కారుతోంది, కళ్ళు కారుతున్నాయి, కాళ్ళు తేలిపోతున్నాయి. గుమ్మం పట్టుకుందామని చెయ్యి చాపితే అది రెండడుగులు పక్కకి జరిగింది. అత్తగారు కాబోయే ఆవిడ ఎదురుగా నిలబడి, నన్ను కింద నుంచి పైకి చూసి, మొగుడి వైపు తిరిగింది.

"ఇంకో తాగుబోతుని తెచ్చావా?"

మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"అయ్యో చెల్లెమ్మగారూ, మావాడు చుక్క ముట్టడు," అన్నాడు నాన్న. "మిరపకాయలు తిన్నాడంతే."

"మందులోకి నంజుకున్నాడా?"

"కాదండీ, మిల్లులో..."

"మిల్లులో తాగాడా?"

నాన్న నోరు తెరిచిన కొద్దీ నా పెళ్ళి దూరం జరిగిపోతోంది. నేను చెప్దామంటే నాలుక నోట్లో పట్టడం లేదు. "నేను... తాద లేదు... అత్తయ్యా," అన్నాను. అది విని అటువైపు వాళ్ళలో సగం మంది లేచి నిలబడ్డారు.

ఆవిడ మాత్రం వెనక్కి తగ్గే మనిషి కాదు. నా దగ్గరికొచ్చి, "నోరు తెరువు," అంది. తెరిచాను. ముక్కు దగ్గర పెట్టి గట్టిగా ఒక్క పీలుపు పీల్చింది. అంతే. తుమ్ము. ఒకటి, రెండు, ఏడు. ఎనిమిదో తుమ్ముకి కళ్ళజోడు ఊడి కింద పడింది.

అప్పుడు గది గుమ్మంలోంచి సుజాత గొంతు వినబడింది. "అమ్మా, ఆయన తాగలేదు. నిలబడే నిద్రపోతన్నాడు. చూడు."

నిజమే. ఆ తుమ్ముల మధ్యలోనే నాకు కునుకు పట్టింది.

"ఎన్నాళ్ళయింది ఈ అబ్బాయి పడుకుని?" అని అడిగింది అత్తగారు, కళ్ళు తుడుచుకుంటూ.

"నాలుగు రోజులు," అంది మా అమ్మ, ఏడుపు గొంతుతో. "ఇంతమందిని ఎక్కించుకుని ఎట్టా తెచ్చాడో నాకే తెలీదు వదినగారూ."

అత్తగారు కింద పడ్డ కళ్ళజోడు తీసి పెట్టుకుంది. "తాగుడైతే మానదు. ఇది తిక్క. తిక్కయితే కుదురుద్ది. తాంబూలాలు తియ్యండి."

"ముందు ఆ తాళం చెవి లాక్కోమ్మా," అంది లోపలి గొంతు.

లాక్కున్నారట. నవారు మంచం వాల్చారట. ఎవరో నన్ను దాని మీదికి తోశారట. ఇవన్నీ "ట" లే, ఎందుకంటే నేను చూడలేదు. లేచేసరికి ఎండ వాలిపోయింది. మంచం చుట్టూ ఆ ఊరి ఆడవాళ్ళు పాతిక మంది, పెళ్ళికొడుకుని చూడటానికి వచ్చినవాళ్ళు. చూస్తున్నారు మరి. గురక బాగుందని ఒకావిడ, నోరు మూసుకుని పడుకుంటే ఇంకా బాగుండేదని ఇంకొకావిడ.

నేను గభాల్న లేచి కూర్చున్నాను. "వర్జ్యం వచ్చేస్తంది! తాంబూలాలు?"

నాన్న అరటిపండు వొలుచుకుంటూ, "అవి మారి నాలుగు గంటలయింది. లగ్నం పెట్టాం. భోజనాలూ అయిపోయాయి. ఇంటికి పోదాం లే, సుజాత తాళం ఇస్తానంది," అన్నాడు.

నా నిశ్చితార్థం నేను లేకుండానే జరిగిపోయింది. ఉన్నాను, కానీ లేను.

అందుకని ఇందుమూలంగా సమస్త వాహనదారులకీ, గేదెలకీ, గుమస్తాలకీ తెలియజేసుకునేది ఏమనగా: ఆ రోజు నుంచీ రెప్ప ఒక్కసారి బరువెక్కినా బండి పక్కకి తీసి ఆపుతున్నాను. వర్జ్యం వచ్చినా, వరద వచ్చినా సరే. నాకు గనక నిద్రంటూ వస్తే ఇక మీదట నిశ్చితార్థంలోనే పోతానని, స్టీరింగు ముందు పోనని ప్రమాణం చేస్తున్నాను. ఆ నిశ్చితార్థం కూడా మళ్ళీ నాది కాకూడదని సుజాత పక్కన నిలబడి రాయిస్తోంది.